ఖాళీ ఇంటి లెక్క

మా ఇంట్లో ఉండేది నేనొక్కడినే. వంటింటి గుమ్మం పైన మేకుకు తగిలించిన పెట్టె మాత్రం ఇద్దరున్నామని చెబుతుంది. పొద్దున్నే మొహం కడుక్కుని ముందుగా దానివైపు చూస్తాను. చిన్న ఎర్రదీపాలతో రెండు అంకె వెలుగుతూ ఉంటుంది. చూసి, స్టవ్ వెలిగిస్తాను. నేను బజారుకు వెళితే ఒకటి అంటుంది, తిరిగొస్తే మళ్లీ రెండు. మూడేళ్లుగా ఇంతే.

ఆ పెట్టె చేసింది నేనే కాబట్టి అది ఎందుకు తప్పు చెబుతోందో నాకు తెలుసు. సరిచేయడానికి నలభై నిమిషాలు చాలు. అయినా సరిచేయలేదు.

నేను పాలిటెక్నిక్ కాలేజీలో ఎలక్ట్రానిక్స్ లాబ్ చూసుకుంటూ రిటైరైనవాణ్ణి. పేరు యాళ్ల భాస్కరం. ఊళ్లో అందరికీ మాస్టారినే. గౌతమి పాయ పక్కన మా ఏటిగట్టు వీధిలో అరవై రెండు గడపలున్నాయి. వాటన్నిటికీ వైర్లు లేని నెట్‌వర్క్ కట్టి, దాని బాగోగులు చూడటం ఇప్పుడు నా పని. జీతం లేదు కానీ పనికి మాత్రం లోటు లేదు. పొద్దున ఎనిమిదికల్లా ఫోన్లు మొదలవుతాయి. ఒకరింట్లో కొత్త ఇనప బీరువా తెచ్చి రౌటరుకు అడ్డంగా పెట్టి, నెట్ రావడం లేదంటారు. ఇంకొకరు రౌటరును చేపల తొట్టి వెనక దాస్తారు. నీళ్లు తరంగాలను తాగేస్తాయని చెబితే, చేపలకేమైనా ప్రమాదమా అని అడుగుతారు. వాన పడ్డ రోజు అసలు చెప్పనక్కర్లేదు. కోనసీమలో వీధికీ వీధికీ మధ్య కొబ్బరాకులే. తడిసిన ఆకు గోడకంటే గట్టిగా సిగ్నల్‌ను ఆపుతుంది. కొబ్బరి దింపులు తీసేవాళ్లను బతిమాలి యాంటెన్నాలను చెట్టు మొవ్వు దాకా ఎక్కించాను. వాళ్లు కాయలు దించేటప్పుడు యాంటెన్నా కూడా తుడిచి, దాని ముఖం ఎటుందో కిందినుంచి నేనడిగితే పైనుంచి అరిచి చెబుతారు. ఇలాంటి మేలు ఏ కంపెనీ ఇంజనీరుకు దొరుకుతుంది?

పెట్టె సంగతి మాత్రం వేరు. అది పుట్టింది నా వల్ల కాదు, చూడామణి వల్ల.

చూడామణి నా భార్య. ఒకరోజు నేను హాల్లో కంప్యూటరు ముందు కూర్చుని సిగ్నల్ గీత చూస్తున్నాను. గీత ఉన్నట్టుండి కిందికి దిగింది. "నువ్విప్పుడు బీరువా తలుపు తీశావు కదూ?" అని లోపలికి కేక వేశాను. ఆమె చీర చేత్తో పట్టుకుని బయటికొచ్చి, నా వెనకాల అద్దమేమైనా ఉందేమోనని వెతికింది. లేదని తేలాక అదొక ఆట అయిపోయింది. ఆమె ఏదో గదిలోకి వెళ్లి "ఇప్పుడెక్కడున్నాను చెప్పండి" అనేది. తరంగాలు గోడల్లోంచి దూరి, మనిషిని తాకి చెదిరి వస్తాయి. చెదిరిన తీరు చూసి నేను చెప్పేవాణ్ణి. కొన్నాళ్లకు కదలకుండా నిలబడినా పట్టుకోగలిగాను, ఎందుకంటే ఊపిరి తీస్తే ఛాతీ కదులుతుంది. అప్పుడామె ఊపిరి బిగబట్టి నన్ను ఓడించింది. ఓడించి, దగ్గుతూ నవ్వింది.

నాలుగేళ్ల కిందట శ్రావణంలో గోదారి గట్టు దాటి మా వీధిలోకి వచ్చింది. మల్లాడి కామేశు తన ఇంజను పడవ తెచ్చి గడప గడపకూ ఆగి "లోపల ఎవరండీ" అని అరుస్తూ వెళ్లాడు. సగం ఇళ్లు ఖాళీ. జనం ముందే గట్టెక్కారు. ఖాళీ ఇళ్ల ముందు అరవడంలోనే అతని పూట గడిచిపోయింది. చివరి ఇల్లు సూరమ్మది. ఆవిడకు చెవులు వినబడవు. కామేశు అరిచి అరిచి, ఎవరూ లేరనుకుని వెళ్లిపోయాడు. ఆవిడ అటక మీద కోడిని ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. మర్నాడు పొద్దున గానీ తెలియలేదు. పడవెక్కిస్తుంటే ఆవిడ తన గురించి ఒక్క మాట అనలేదు. కోడి రాత్రంతా పస్తు పడుకుందని మాత్రం కామేశును తిట్టిపోసింది.

ఆ రోజు గట్టు మీద బడిలో తలదాచుకున్నప్పుడు చూడామణి నా పక్కన చాప మీద కూర్చుని అడిగింది.

"నేను బీరువా తీస్తే తెలుస్తుంది మీకు. ఆవిడ అటక మీద ఉందో లేదో తెలియదేం?"

ఆ మాట పట్టుకుని పనిలో దిగాను. ఏడాదిలోపు పెట్టె తయారైంది. అరచేయంత ఉంటుంది. బ్యాటరీతో నడుస్తుంది, కరెంటు పోయినా, టవర్లు కూలినా ఒక పెట్టె పక్కింటి పెట్టెతో మాట్లాడుకుంటుంది. లోపల ఎన్ని ఊపిరులున్నాయో లెక్కపెట్టి, పడవలో ఉన్న తెరకు పంపుతుంది. ఫోటో తీయదు, మాట వినదు. నీళ్లు లోపలికొస్తే అవి సమంగా, నెమ్మదిగా పెరుగుతాయి కాబట్టి ఆ మార్పును వేరు చేసి తీసేస్తుంది. దానికి కావలసింది ఒక్కటే. మొదటిసారి తగిలించినప్పుడు ఇంట్లో ఎవరూ లేకుండా నలభై నిమిషాలు వదిలేయాలి. అప్పుడది ఖాళీ ఇల్లు ఎలా ఉంటుందో నేర్చుకుంటుంది. ఆ తర్వాత కనబడిన ప్రతిదాంట్లోంచీ ఆ ఖాళీ ఇంటిని తీసేస్తే మిగిలేది మనుషులు.

మొట్టమొదటి పెట్టె మా ఇంట్లోనే పెట్టాను. వేసవి, ఆవకాయ రోజులు. అందరూ బయటికి రండి, లోపల ఏదీ కదలకూడదు అని చెప్పి, మీట నొక్కి, నేను వీధి అరుగు మీద కూర్చున్నాను. చూడామణి పక్కింటికి వెళ్లిందనుకున్నాను. నలభై నిమిషాల తర్వాత లోపలికి వెళితే, వంటింటి కిటికీ పక్కన పీట మీద కూర్చుని ఉంది, చేతిలో చీపురుకట్ట, ఎదురుగా గుడ్డ మీద ఆరబెట్టిన మామిడి ముక్కలు.

"నువ్విక్కడేం చేస్తున్నావు?"

"బూడిదరంగు పిల్లి కిటికీలోంచి వస్తుందండీ. అదొచ్చి ముక్కల మీద తిరిగితే మీ లెక్క పాడవదూ?" అంది. "కదలకూడదన్నారుగా. కాలు తిమ్మిరెక్కినా నేను కదల్లేదు."

నేను అరగంట నవ్వాను. ఆమె ఉడుక్కుంది. పిల్లి రానే రాలేదని, అదంతా తన కాపలా వల్లేనని వాదించింది. రేపు మళ్లీ తీద్దాంలే అన్నాను. రేపు అనుకున్నది వాయిదా పడుతూ వచ్చింది. మిగతా ఇళ్లకు పెట్టెలు తగిలించే పనిలో పడ్డాను. ఆ వర్షాకాలంలోనే చూడామణి జ్వరమొచ్చి పదకొండు రోజుల్లో వెళ్లిపోయింది.

కార్యక్రమాలన్నీ ముగిసి బంధువులంతా వెళ్లిన మర్నాడు పెట్టెవైపు చూస్తే రెండు ఉంది. దగ్గరికెళ్లి వేలితో తుడిచి మళ్లీ చూశాను. తర్వాత అర్థమైంది. అది నేర్చుకున్న ఖాళీ ఇంట్లో చూడామణి కూర్చుని ఉంది. ఆమె ఊపిరి లయ కూడా అందులో కలిసి ఉంది, నిమిషానికి పదహారు. ఇప్పుడు అక్కడ ఆమె లేకపోవడం పెట్టెకు ఒక మార్పులా కనిపిస్తోంది. ఉన్నదాంట్లోంచి ఆమెను తీసేస్తే తిరగబడిన ఊపిరొకటి మిగులుతోంది. దాన్ని మనిషి కింద లెక్కపెడుతోంది. ఇంట్లో ఆమె లేనితనాన్ని గుర్తుపట్టి, దానికో అంకె వేసేది నేను కాక ఆ పెట్టె ఒక్కటే.

ఇంకో విచిత్రం కూడా ఉంది. నేను వెళ్లి సరిగ్గా ఆమె పీట మీద, కిటికీవైపు తిరిగి కూర్చుంటే ఆ లోటు పూడుతుంది. కాసేపటికి నా ఊపిరి కూడా ఆ లయలోకే వస్తుంది. ముప్పై నాలుగేళ్లు పక్కపక్కన నిద్రపోయిన అలవాటు కాబోలు. అప్పుడు పెట్టె సున్నా చూపిస్తుంది. రోజూ పది గంటలకు రెండో కాఫీ తెచ్చుకుని అక్కడే కూర్చుని తాగేవాణ్ణి.

ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. దీనివల్ల ఎవరికి నష్టం అనుకున్నాను.

ఈ ఏడు జూన్‌లో తహసీల్దారు గారు వరదలకు ముందే ఒక రిహార్సల్ పెట్టించారు. ఇదంతా నడిపించింది పులిదిండి రూతు. ఒకప్పుడు నా లాబ్‌లో చదువుకుంది, ఇప్పుడు సచివాలయంలో ఇంజనీరింగ్ అసిస్టెంటు. పెట్టెలు నిజంగా పనిచేస్తాయని తేలితే ఈ వరదలకు వాటినే నమ్ముతారు. తేలకపోతే పాత పద్ధతే, అరుచుకుంటూ వెళ్లడమే. అరిస్తే సూరమ్మకు వినబడదు.

వీధిలో నీళ్లెలాగూ లేవు. అందుకని కామేశు పడవను ట్రాక్టరు ట్రక్కు మీదికి ఎక్కించారు. కామేశు లైఫ్ జాకెట్ వేసుకుని, తెర చేత్తో పట్టుకుని, ఎండలో పడవ ముక్కు మీద నిలబడ్డాడు. వీధిలోని ఇళ్లలో ఏడుగురు దాక్కోవాలి. మిగతా జనం గట్టు మీదికి వెళ్లాలి. ఎవరు ఏ ఇంట్లో ఉన్నారో కామేశుకు తెలియదు. సున్నా కనబడిన ఇంటి ముందు ఆగకూడదు, అంకె కనబడితే ఆగి ఎక్కించుకోవాలి. ఆ ఏడుగురిలో సూరమ్మ ఒకరు, నేనొకణ్ణి.

పది గంటలకు సూరమ్మ ఇంటి వైపు నుంచి ట్రాక్టరు కదిలింది. మా ఇంట్లో నేను కాఫీ కలుపుకుని, ఆలోచించకుండానే వెళ్లి పీట మీద కూర్చున్నాను. బయట ట్రాక్టరు చప్పుడు దగ్గరకు వచ్చింది. వచ్చి, ఆగకుండా వెళ్లిపోయింది. గ్లాసు పెదాల దగ్గరే ఉండిపోయింది. తలెత్తి పెట్టెవైపు చూశాను. సున్నా.

నేను చెప్పులేసుకుని గట్టు దగ్గరికి నడుచుకుంటూ వెళ్లేసరికి అక్కడ లెక్క తేలక తర్జనభర్జన పడుతున్నారు. పడవలో ఆరుగురే ఉన్నారు. పడవ మధ్యలో సూరమ్మ కోడితో సహా కూర్చుని ఉంది. ఆవిణ్ణి పెట్టె మొదటి నిమిషంలోనే పట్టుకుందట. పట్టుకోలేకపోయింది, దాన్ని తయారుచేసినవాణ్ణే.

కామేశు నన్ను చూసి పడవలోంచి కిందికి దూకాడు. "మీ ఇంటికాడ సున్నా సూపించిందండి మేస్టారూ. సున్నా అయితే ఆగొద్దన్నది తవరే. ఆగలేదండి. నా తప్పేం లేదండి."

తప్పు నాదేనన్నాను. సూరమ్మకు ఎవరో సైగలతో సంగతి చెప్పారు. ఆవిడ వీధంతా వినబడేలా నవ్వింది. "ఆ ఏడు నన్నొగ్గేశారు, ఈ ఏడు మేస్టరు బాబునొగ్గేశారా. నీకు కోడైనా లేదు గదా నాయనా తోడుకి."

అందరూ నవ్వారు, తహసీల్దారు గారు కూడా. నవ్వి, తర్వాత మర్యాదగానే చెప్పారు. అంకె ఎక్కువ చెబితే పడవ ఒకసారి అదనంగా ఆగుతుంది. ఉన్న మనిషిని లేడంటే ఆ పెట్టెను నమ్మి పడవను పంపలేం. వారం గడువు. ఇంకోసారి చేసి చూద్దాం, అప్పుడూ ఇలాగే అయితే పెట్టెలన్నీ విప్పేయించాలి.

రూతు నాతో పాటు ఇంటిదాకా వచ్చింది. వంటింట్లోకి వచ్చి పెట్టెను చూసింది, పీటను చూసింది, అప్పుడడిగింది.

"సార్, ఈ ఇంటి ఖాళీ లెక్క ఎప్పుడు తీశారు?"

చీపురుకట్ట, మామిడి ముక్కలు, రాని పిల్లి, అన్నీ చెప్పాను. మొదట్లో నవ్వింది, చివరికొచ్చేసరికి కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"మా ఆఫీసు తెర మీద మీ ఇంట్లో రెండని ఉండటం నేను రోజూ సాయంత్రం చూస్తూనే ఉన్నాను సార్. ఒకటి ఎక్కువుంటే ఏం నష్టంలే అనుకున్నాను. మేడమ్ గారు ఉన్నట్టుంటుందని వదిలేశాను. సున్నా వస్తుందని మాత్రం అనుకోలేదు."

లాబ్‌లో పరికరాల ముందు కూర్చోబెట్టి, కళ్లకు కనిపించిన తప్పును ఎప్పుడూ దాచకూడదని ఆ అమ్మాయికి చెప్పినవాణ్ణి నేను. ఆమె నా కోసం దాచింది. నేను నా కోసం దాచుకున్నాను. మా ఇద్దరి దయా కలిసి పెట్టెలన్నీ విప్పించి, సూరమ్మను మళ్లీ అటక మీద వదిలేసేది.

పాత లెక్కను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి ఇస్తాను, కావాలంటే దాచుకోండి అంది రూతు. మంచి మాటే. కానీ ఆ లెక్క పనిచేయాలంటే ఇల్లు ఆ రోజు ఉన్నట్టే ఉండాలి. ఆ మాట నేనే పైకి అన్నాక, నా ఇంటిని నేను మొదటిసారిగా చూశాను. నడిమింటి కప్పు బాగుచేయాలంటే బీరువా జరపాలి, జరిపితే అంకె మారుతుందని బాగుచేయించలేదు, వాన కురిస్తే బకెట్టు పెట్టుకుంటున్నాను. రాజోలు నుంచి మా అక్క కొత్త మంచం పంపిస్తానంటే వద్దన్నాను. పాతది కిర్రుమంటున్నా అక్కడే ఉంచాను. ఎవరైనా వస్తే అరుగు మీదే కూర్చోబెట్టి మాట్లాడి పంపేవాణ్ణి. లోపలికొస్తే కుర్చీ లాగుతారని భయం. మూడేళ్లు నా ఇంట్లో నేను అద్దెకున్నట్టు మసిలాను. చూడామణి ఉంటే ఏడాదికి రెండుసార్లు ఇల్లంతా తలకిందులు చేసేది. ఈ ఇంటిని చూస్తే ఎవరిదని అడిగి ఉండేది.

మర్నాడు సాయంత్రం నాలుగింటికి మళ్లీ లెక్క తీయాలనుకున్నాం. అంతకుముందే కామేశు ఇద్దరు బావమరదులను తీసుకొచ్చి బీరువా జరిపించాడు. దాని వెనక చూడామణి ఎన్నడో పోయిందని ఇల్లంతా వెతికిన వెండి కుంకుమ భరిణె దొరికింది. నన్నెంతగా సాధించిందో దాని కోసం. తుడిచి ఆమె పటం ముందు పెట్టాను. పీటను మాత్రం ఎక్కడిదక్కడే ఉంచమన్నాను. పీట ఉన్నంతమాత్రాన లెక్క చెడదు.

మిగతావాళ్లంతా బయటికి వెళ్లారు. మీట నొక్కడానికి చెయ్యి పైకెత్తి కొంచెంసేపు ఆగాను. బీరువా జరిపినా ఇంకా రెండు అంకె వెలుగుతోంది. ఒకరు నేను. రెండోది ఆమె కాదు. ఆమె లేకపోవడం. దాన్ని గుర్తు పెట్టుకోవడానికి నాకు పెట్టె అవసరం లేదు. నొక్కాను.

గేటు బయట వేపచెట్టు నీడలో కూర్చున్నాం, కోడితో వచ్చిన సూరమ్మతో సహా. ఐదు నిమిషాలైనా కాకుండానే ప్రహరీ గోడ మీద బూడిదరంగు పిల్లి ప్రత్యక్షమైంది. మూడేళ్ల కిందటిదో, దాని కూతురో. నింపాదిగా వంటింటి కిటికీవైపు నడుస్తోంది. నేను లేవబోయేలోపు సూరమ్మ లేచింది. నా దగ్గర సంగతంతా విన్న రూతు ఆవిడకు ముందే సైగలతో చెప్పి పెట్టిందట. చేతికర్ర పట్టుకుని, వంటింటి గోడకు పదడుగుల దూరంలో, రూతు ముగ్గుపిండితో గీసిన గీతకు ఇవతల నిలబడింది. పిల్లి ఆవిణ్ణి చూసింది. ఆవిడ పిల్లిని చూసింది. మిగతా నిమిషాలన్నీ ఆవిడ కన్ను కిటికీ మీంచి తిప్పలేదు. కూర్చోమ్మా అని రూతు సైగ చేస్తే, చెయ్యి ఊపి కొట్టిపారేసింది.

"కదలొద్దన్నారు గదా," అంది.

నేను తల పక్కకు తిప్పుకున్నాను. రూతు నా చేతిలో మంచినీళ్ల సీసా పెట్టింది. దాహం వేయకపోయినా తాగాను.

టైము అయ్యాక రూతు తన తెర చూసి, సున్నా సార్ అంది. నేనొక్కడినే లోపలికి వెళ్లాను. ఒకటి. పీట మీద కూర్చున్నాను. ఒకటే. లేచి కిటికీ దగ్గరకు వెళ్లాను. అప్పుడూ ఒకటే. ఎక్కడ కూర్చున్నా నేను ఉన్నానంటోంది. ఆ మాట వినడానికి ఇంత బాగుంటుందని నేననుకోలేదు. బయటివాళ్లను కాఫీకి లోపలికి పిలిచాను. రూతు గడప దాటింది, సూరమ్మ దాటింది, కామేశు, అతని బావమరదులు దాటారు. కుర్చీలు ఎటుపడితే అటు లాక్కున్నారు. అంకె ఒక్కొక్కటే పెరిగి ఆరు దగ్గర ఆగింది. సూరమ్మ కోడిని లెక్కపెట్టలేదేమని కామేశు అడిగాడు. దాని ఊపిరి మరీ వేగం, దాన్ని తీసేయమని పెట్టెకు నేనే చెప్పానన్నాను. ఆ ముక్క సూరమ్మకు చెప్పొద్దని అతనికి గట్టిగా చెప్పాను.

వారం తిరిగింది. మళ్లీ ట్రాక్టరు, మళ్లీ దాని మీద పడవ. పది గంటలకు నేను కాఫీ గ్లాసుతో పీట మీదే కూర్చున్నాను, ఈసారి కావాలని. చప్పుడు దగ్గరకు వచ్చింది. గుమ్మం ముందు ఆగింది. కామేశు పడవలోంచే, రూల్ ప్రకారం అడగాల్సిన ప్రశ్న గొంతెత్తి అడిగాడు.

"లోపలున్నోళ్లు బయటికి రండి. ఎంతమంది ఉన్నారండీ?"

ఈ ప్రశ్న నన్ను చాలామందే అడిగారు. రేషన్ కార్డు దగ్గర, గ్యాస్ ఆఫీసులో, పెళ్లి పిలుపులకొచ్చినవాళ్లు. అడిగినప్పుడల్లా ఏదో గొణిగి తప్పించుకునేవాణ్ణి.

"నేనొక్కడినే," అన్నాను, వీధిలోకి వచ్చి.

"ఇంకెవురూ లేరు గదండీ? మళ్లీ రామండి."

"లేరు కామేశూ. పోనివ్వు."

అతను చెయ్యి అందించాడు. పడవలో బల్ల మీద సూరమ్మ కోడిని అవతలి చంకలోకి మార్చుకుని, నాకు చోటిచ్చింది. కూర్చోగానే కొంగుముడి విప్పి మామిడితాండ్ర ముక్క చేతిలో పెట్టింది. ట్రాక్టరు కదిలింది. చుక్క నీళ్లు లేని వీధిలో మా పడవ నడక వేగంతో సాగుతుంటే సూరమ్మ గట్టు మీది జనానికి పెళ్లికూతురిలా చెయ్యి ఊపుతోంది. గట్టు మీదికి చేరేసరికి ఏడుకు ఏడుగురం ఉన్నాం. తహసీల్దారు గారు కాగితం మీద సంతకం పెట్టారు.

గట్టెక్కే ముందు, మలుపు తిరిగేటప్పుడు, కామేశు చేతిలో తెర మీద మా ఇంటి అంకె చూశాను. సున్నా. అది తప్పు కాదు. ఆ ఇంటి మనిషి పడవలో ఉన్నాడు, నోట్లో తాండ్ర ఉంది. నేను కూడా చెయ్యి ఊపాను.